యూనివర్సిటీలో నాట్యం చదవడం: విజయవాడ, గుంటూరు విద్యార్థులూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నాట్యం నేర్పేవాళ్లందరికీ ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. ఒకసారి అమ్మ చేస్తుంది, ఒకసారి అమ్మాయే చేస్తుంది, అప్పుడప్పుడు ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ గజ్జె కట్టాలనుకునేవాళ్లు చేస్తారు. సందేహాలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఫీజులు, చివరి తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఇక్కడ రాయలేదు, వాటిని ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటూనే ఉంది. మళ్లీ యూనివర్సిటీలో చదవడం ఎందుకండీ?

గురువుగారి దగ్గర ఏళ్లపాటు నేర్చుకుంటే ఒంటికి నాట్యం పడుతుంది. అడుగులు, జతులు (తాళానికి నోటితో చెప్పి కాలితో ఆడే అక్షరాల వరుసలు), శబ్దాలు, తరంగం లాంటి అంశాలు, ఒకటో రెండో పదాలు (అభినయానికి రాసిన పాటలు) వచ్చేస్తాయి. కానీ వారానికి రెండు మూడు క్లాసుల్లో అంతకుమించి చెప్పే తీరిక ఏ గురువుకూ ఉండదు. ఆ పదంలో నాయిక ఏ అవస్థలో ఉంది, అదే పల్లవిని ఇంకో రకంగా ఎలా పట్టవచ్చు, ఈ దరువు (పాత్ర కోసం రాసిన పాట) పాత కలాపంలో (కూచిపూడి నృత్యనాటకంలో) ఎక్కడ వచ్చేది, మృదంగం ఎక్కడ ఆగితే అభినయం నిలుస్తుంది: ఇలాంటివి కూర్చుని మాట్లాడుకోవడానికి కావలసిన సమయం యూనివర్సిటీలో దొరుకుతుంది. పొద్దున ప్రాక్టికల్, ఆ తర్వాత థియరీ, తాళం, సంగీతం. రోజంతా నాట్యం మధ్యే గడుస్తుంది.

నా ఉద్దేశంలో, ముందు ముందు నేర్పాలని, కొత్త అంశాలు కూర్చాలని, నాట్యం గురించి రాయాలని ఉన్నవాళ్లకు ఈ చదువు బాగా అక్కరకొస్తుంది. ప్రదర్శనలు ఇస్తే చాలు అనుకునేవాళ్లు గురువుగారి దగ్గరే గట్టిగా కొనసాగడం మంచిది. కేవలం పేరు పక్కన డిగ్రీ ఉండాలని మాత్రం చేరొద్దు. రోజూ అన్ని గంటల సాధన ఇష్టం లేనివాళ్లకు మొదటి సెమిస్టరే భారంగా ఉంటుంది.

సర్టిఫికెట్, డిప్లొమా, బీపీఏ, ఎంపీఏ అంటున్నారు. ఏది ఏమిటో అర్థం కావట్లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, దాని తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంటాయి. స్కూలు, కాలేజీ చదువుతో పాటే సాయంత్రం పూట వీటిని చేసేవాళ్లు ఎక్కువ. ఇవి నాట్యంలో అర్హతలే గానీ డిగ్రీలు కావు. బీపీఏ అంటే ప్రదర్శన కళల్లో డిగ్రీ, ఎంపీఏ అంటే అందులోనే రెండేళ్ల పీజీ. కొన్ని చోట్ల ఇదే పీజీని ఎంఏ డ్యాన్స్ అంటారు. ఉద్యోగాలకూ, నెట్ (కాలేజీ అధ్యాపక అర్హత పరీక్ష) ద్వారా వచ్చే అధ్యాపక అర్హతకూ లెక్కకొచ్చేది పీజీ.

మన ప్రాంతంలో ఎక్కువమంది వెళ్లే దారి ఇది: ఏదో ఒక డిగ్రీ చేస్తూ సర్టిఫికెట్, డిప్లొమా పూర్తి చేసుకుంటారు, ఆ రెండింటితో ఎంపీఏలో చేరతారు. నాకూ ఇదే సబబుగా అనిపిస్తుంది. చేతిలో మామూలు డిగ్రీ ఒకటి ఉంటుంది, నాట్యమూ ఆగదు.

అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి, ప్రయాగ సంగీత సమితి లాంటి సంస్థల పరీక్షలు రాసినవాళ్లు కూడా మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ సర్టిఫికెట్లను ఎవరు దేనికి సమానంగా చూస్తారన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. దరఖాస్తుకు ముందే ఆ శాఖను అడిగి తేల్చుకోండి.

విజయవాడ, గుంటూరు నుంచి దూరం పంపకుండా చదివించొచ్చా?

సర్టిఫికెట్, డిప్లొమా స్థాయికి విజయవాడలోనే ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. పీజీకి దగ్గరైనది కూచిపూడి గ్రామంలోని శ్రీ సిద్ధేంద్రయోగి కూచిపూడి కళాపీఠం. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటి పామర్రులో దిగితే అక్కడి నుంచి చల్లపల్లి వైపు వెళ్లే దారిలో కూచిపూడి వస్తుంది. విజయవాడ నుంచి వెళ్లి రావచ్చు గానీ, రోజూ బస్సులో అంత ప్రయాణం చేసి వచ్చి సాధన చేయడం ఒంటికి కష్టం. ఊళ్లోనే ఉండడం మేలు. పైగా పక్కనే మొవ్వ, క్షేత్రయ్య ఊరు. ఆయన పదాల్లో వినిపించే మువ్వగోపాలుడి గుడి అక్కడే ఉంది.

కళాపీఠంలో చేరేవాళ్లు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. ఇది 1985లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం కింద నడిచింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. అందుకని మీ బ్యాచ్‌కు పరీక్షలు ఎవరు పెడతారు, పట్టా ఎవరి పేరుతో వస్తుంది అని చేరే రోజే ఆఫీసులో అడగండి. మొహమాటపడొద్దు.

కొంచెం దూరమైనా ఫర్వాలేదంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద నాట్య శాఖ ఉంది, అక్కడ కూచిపూడి, భరతనాట్యం రెండింటిలోనూ ఎంపీఏ చేయవచ్చు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది.

కూచిపూడి జిల్లాలో ఉండి భరతనాట్యం తీసుకుంటే తప్పా?

తప్పేమీ లేదు. కేంద్ర సంగీత నాటక అకాడమీ గుర్తించిన ఎనిమిది శాస్త్రీయ నృత్యాల్లో రెండూ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏది నేర్చుకున్నారో అదే కొనసాగించండి. భరతనాట్యానికి చెన్నై కళాక్షేత్ర వైపు చూసేవాళ్లున్నారు. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ స్థాపించిన ఆ సంస్థలో నాలుగేళ్ల డిప్లొమా ఉంటుంది.

కూచిపూడి వాళ్లకు ఇక్కడ ఉండడం వల్ల కలిసొచ్చేది మాత్రం ఒకటి ఉంది. దరువు, పద్యం, వచనం మన భాషలోనే ఉంటాయి. సత్యభామ మాటలోని వెటకారం, అలక తెలుగు పిల్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులు ఆ వాచికం (మాట పలికే తీరు) కోసం ఎంత కష్టపడతారో చూస్తే మన పిల్లలకు తమ భాష విలువ తెలుస్తుంది.

మా అబ్బాయి నాట్యం చదువుతానంటున్నాడు. మగపిల్లలకు ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

కూచిపూడి తరతరాలుగా మగవాళ్లు ఆడిన కళ. భాగవత మేళాల్లో, అంటే నృత్యనాటకాలు ఆడే బృందాల్లో, సత్యభామ వేషం కట్టింది వాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్లు ఈనాటికీ దాని గురించి చెప్పుకుంటారు. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో రావడం ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. ఇప్పుడు క్లాసుల్లో అబ్బాయిలు తక్కువ కాబట్టి నృత్యరూపకాల్లో వాళ్లకు పాత్రలు త్వరగా దొరుకుతాయి. నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), మృదంగం కూడా పట్టుకుంటే ఏడాది పొడవునా పని ఉంటుంది. చుట్టాల మాటలకు పిల్లవాణ్ణి వెనక్కి లాగకండి.

నాకు ముప్పై దాటాయి, పెళ్లయింది, పాప ఉంది. ఇప్పుడు చేరితే నవ్వుతారా?

ఎవరూ నవ్వరు. పీజీ క్లాసుల్లో ఆ వయసువాళ్లు మామూలే. అభినయంలో వాళ్లే ముందుంటారు కూడా. అయితే మధ్యలో విరామం వచ్చి ఉంటే, చేరడానికి కనీసం ఆరునెలల ముందే అడుగులు మొదలుపెట్టండి. నేరుగా వెళ్లి నిలబడితే పిక్కలు, మడమలు తట్టుకోవు.

## ప్రవేశ పరీక్ష దగ్గర

ప్రాక్టికల్ టెస్ట్‌లో ఏం అడుగుతారు? చాలా టెన్షన్‌గా ఉంది.

ఒక అంశం మీ ఇష్టం, ఒకటి వాళ్ల ఇష్టం. సాధారణంగా అలా సాగుతుంది. పాట పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో రెండు చోట్లా ఉంచుకోండి. మొత్తం అంశం చూడకపోవచ్చు, రెండు మూడు నిమిషాలకే చాలు అంటారు. అది బాగా లేదని కాదు, క్యూలో ఇంకా చాలామంది ఉంటారు.

అసలు వడపోత ఆ తర్వాత జరుగుతుంది. పాట ఆపేసి, "ఇప్పుడు చేసిన జతి నోటితో చెప్పమ్మా" అంటారు. ఆది తాళం వేయమంటారు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ-విసురు, దెబ్బ-విసురు, మొత్తం ఎనిమిది. ఆ చేయి ఆగకుండా ఉండాలి, నోరు మాత్రం తకధిమి నుంచి తకిటకు, అక్కడి నుంచి తకతకిటకు మారాలి. రికార్డింగ్ మీదే ఆడడం అలవాటైన పిల్లలు ఇక్కడ తడబడతారు. కాళ్లు అద్భుతంగా ఆడతాయి, చేయీ నోరూ కలవవు. ఎందుకంటే పాటలోని మృదంగమే ఇన్నాళ్లూ వాళ్లను మోసింది. దీనికి మందు చిన్నదే. రోజూ పదిహేను నిమిషాలు పాట లేకుండా కూర్చుని, తాళం వేస్తూ మీకొచ్చిన జతులన్నీ మూడు కాలాల్లో (వేగాల్లో) చెప్పుకోండి. పరీక్షకు రెండు నెలల ముందు మొదలుపెడితే సరిపోతుంది.

అభినయానికి ఒక చిన్న సందర్భం ఇస్తారు. యశోద కృష్ణుణ్ణి మందలించడం, ఉత్తరం అందుకోవడం లాంటివి. కంగారుగా ముద్రలన్నీ పట్టేయకండి. ముందు కళ్లు ఎటు చూస్తున్నాయో తేల్చుకోండి, చేతులు దాని వెంట వస్తాయి.

రంగప్రవేశం (మొదటి పూర్తి ప్రదర్శన) కాకపోతే సీటు ఇవ్వరా?

ఇస్తారు. రంగప్రవేశం అర్హత కాదు. సీటు కోసం అప్పు చేసి రంగప్రవేశం పెట్టొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

మార్కుల లిస్టులు, టీసీ, కుల ధ్రువీకరణ లాంటి మామూలువే. వీటికి అదనంగా నాట్య సర్టిఫికెట్లు, ప్రదర్శనల ప్రశంసాపత్రాలు, వీలైతే గురువుగారి నుంచి ఎన్నేళ్లు, ఏయే అంశాలు నేర్చుకున్నారో తెలిపే ఉత్తరం. తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో, దసరాకు ఇంద్రకీలాద్రి మీదో చేసిన ప్రదర్శన కరపత్రం ఉంటే పారేయకండి. మీ పేరు అచ్చయిన కాగితమే రుజువు.

## చదువుకుంటున్నప్పుడు

థియరీలో ఏముంటుంది? నాకు సంస్కృతం రాదు.

భరతుడి నాట్యశాస్త్రం, నందికేశ్వరుడి అభినయ దర్పణం, నాట్య చరిత్ర, తాళ లక్షణాలు, నాయికా నాయక భేదాలు, రససిద్ధాంతం. వీటితో పాటు కూచిపూడి యక్షగానాలు, కలాపాలు, వాగ్గేయకారులు. సంస్కృత పాండిత్యం అక్కర్లేదు. శ్లోకం తప్పుల్లేకుండా పలకడం, అర్థం తెలియడం, చేతిలో చూపించడం రావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పతాక హస్తం వినియోగంలో నాట్యారంభం, మేఘం, అడవి, వద్దనడం, రాత్రి, నది ఇవన్నీ వస్తాయి. చిన్నప్పుడు ఈ శ్లోకాన్ని ఎక్కాల్లా వల్లించి ఉంటారు. ఇప్పుడు అదే శ్లోకం ముందు పెట్టుకుని, మీకొచ్చిన దశావతార శబ్దంలో పతాకం ఎన్నిచోట్ల వచ్చింది, ఎక్కడ ఏ అర్థంలో వచ్చింది అని రాసుకుంటూ పోండి. కొన్ని చోట్ల శాస్త్రంలో లేని అర్థం కనిపిస్తుంది, అది సంప్రదాయంలో వచ్చింది. అలా మీ నాట్యాన్ని మీరే చదువుకోవడం మొదలయ్యాక థియరీ భయం పోతుంది.

నాయికలు కూడా అంతే. ఎనిమిది పేర్లు బట్టీ పట్టడం తేలిక. భామాకలాపంలో సత్యభామ మొదట కృష్ణుడు తన కొంగుకు కట్టేసినట్టే ఉన్నాడన్న ధీమాతో వస్తుంది, అలకతో గొడవ పడుతుంది, అతను వెళ్లిపోయాక కుమిలిపోతుంది. స్వాధీనపతిక (ప్రియుడు తన మాట వింటాడన్న ధీమాతో ఉన్న నాయిక) నుంచి కలహాంతరితకు (గొడవపడి తర్వాత కుమిలే నాయికకు) ఒకే పాత్ర నడిచి వెళ్లడం ఆమెలో చూస్తే ఆ పేర్లు ఇక మరిచిపోరు.

మన జిల్లా వాళ్లు జాయప సేనాని నృత్తరత్నావళిని శ్రద్ధగా చదవాలని నా కోరిక. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి సేనానిగా ఉండి, మార్గ (శాస్త్ర) నృత్యంతో పాటు దేశి (ప్రాంతీయ) నృత్యాల గురించి అంత వివరంగా రాసిన ఆయన వంశం దివిసీమది.

యూనివర్సిటీలో నేర్పే బాణీ, మా గురువుగారి బాణీ వేరుగా ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

దాదాపు అందరూ ఎదుర్కొనే ఇబ్బంది ఇది. ఒకచోట చేయి భుజం ఎత్తున ఉండాలంటారు, ఇంకోచోట ఛాతీ ఎత్తున. ఒకచోట కూర్చోవడం లోతుగా ఉంటుంది, ఇంకోచోట కాలి వేగం ముఖ్యం. కూచిపూడి గ్రామంలో కుటుంబాల పద్ధతులున్నాయి. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యంగారు తీర్చిన పద్ధతి మరొకటి. అన్నీ కూచిపూడే.

క్లాసులో ఉన్నంతసేపూ అక్కడి పద్ధతిలోనే, పూర్తిగా చేయండి. సగం ఇదీ సగం అదీ చేస్తే రెండూ చెడతాయి, పరీక్షలో అది వెంటనే కనబడుతుంది. ఇంటికి వచ్చాక మీ గురువుగారి అంశాలను ఆయన చెప్పినట్టే సాధన చేయండి. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ఒక బాణీ, కుడి పేజీలో ఇంకోటి రాసుకోండి. అది రేపు మీ ప్రాజెక్టుకే విషయమవుతుంది. ఇక గురువుగారికి ముందే చెప్పి, ఆశీర్వాదం తీసుకుని చేరండి. ఆయన వేరేవాళ్ల నోట వింటే నొచ్చుకుంటారు, అది న్యాయం కూడా.

నేను డ్యాన్సర్‌ని. పాట, నట్టువాంగం ఎందుకు నేర్చుకోవాలి?

రేపు క్లాసు చెప్పేది మీరు. తాళాలు పట్టి జతి చెప్పలేని గురువు ప్రతి ప్రదర్శనకూ ఇంకొకరి తేదీల కోసం ఎదురుచూడాలి. గొంతు గొప్పగా ఉండనక్కర్లేదు, శ్రుతిలో ఉంటే చాలు. సరళీ స్వరాలు, జంటస్వరాలు, కొన్ని గీతాలు, సప్త తాళాలు వచ్చేలా చూసుకోండి. నట్టువాంగంలో కుడి చేతి దెబ్బ నర్తకి మడమతో పడాలి. అది కుదిరిన క్షణంలో ఎదురుగా ఆడుతున్న పిల్ల ముఖం మారిపోవడం చూస్తారు.

మోకాళ్లు, పిక్కలు విపరీతంగా నొప్పి పెడుతున్నాయి. అందరికీ ఇంతేనా?

కొత్తగా గంటలు పెరిగినప్పుడు కండరాల నొప్పి మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కింద చెప్పినవి మాత్రం మామూలు కాదు: కాలి ముందు ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, మోకాలు వాచడం, మెట్లు దిగుతుంటే మోకాలు జారినట్టు ఉండడం. వీటికి ఆటలవాళ్లను చూసే అలవాటున్న ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎముకలో సన్నటి చీలిక వచ్చి ఉంటే కట్టు కట్టుకుని ఆడడం వల్ల అది పెద్దదవుతుంది.

ఎక్కువసార్లు కారణం నేలే. అపార్టుమెంటు టైల్స్ మీద, గ్రానైట్ మీద, డాబా మీది సిమెంటు గచ్చు మీద రోజూ తట్టితే ఆ దెబ్బంతా తిరిగి కాలికే వస్తుంది. చెక్క నేల దొరికితే అదృష్టం. దొరకకపోతే గట్టి నేల మీద అడుగు నేర్చుకోవడం వరకే చేసి, పూర్తి వేగంతో ఆడేది తగ్గించండి. రెండో కారణం అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ. పాదాలు పక్కకు తిప్పినంతగా మోకాళ్లు తిరగకపోతే మోకాలు లోపలికి వాలుతుంది. తుంటి దగ్గర నుంచి తిరగాలి. అద్దం ముందు అరమండిలో నిలబడి చూడండి, మోకాలు రెండో వేలికి ఎదురుగా ఉందో లేదో తెలుస్తుంది.

విజయవాడ మే నెల గురించి వేరే చెప్పాలా. సాధన తెల్లవారుజామునే ముగించండి, నీళ్లతో పాటు మజ్జిగో ఉప్పు కలిపిన నిమ్మరసమో తాగండి. ఆడపిల్లలు ఏడాదికొకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఊరికే ఆయాసం వస్తోందంటే సాధన చాలక కాకపోవచ్చు, రక్తం తక్కువై కావచ్చు.

ప్రాజెక్టుకు ఏ విషయం తీసుకోవాలి?

మీ ఊరికి బస్సు దూరంలో ఉన్నది తీసుకోండి. కూచిపూడిలో పెద్దవాళ్లతో మాట్లాడి ఒక దరువు పాత వరుసను రికార్డు చేయొచ్చు. అమరావతి శిల్పాల్లోని నర్తకులు, వాద్యకారుల భంగిమలు చూడొచ్చు. నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించిన ఆంధ్రనాట్యం మీద పని చేయొచ్చు. "భారతీయ నృత్యంలో రసం" లాంటి పేర్లు పెట్టుకుంటే నలుగురి పుస్తకాల నుంచి ఎత్తి రాయడమే అవుతుంది. పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అనుమతి అడిగి రికార్డు చేయండి, ఒక కాపీ వాళ్ల ఇంట్లో ఇచ్చి రండి.

## డబ్బు సంగతి

ఎంత ఖర్చవుతుంది? స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా?

ప్రభుత్వ సంస్థల్లో ఫీజు పెద్ద భారం కాదు. ఆహార్యం, నగలు, మేకప్, ప్రయాణాలు, లైవ్ ఆర్కెస్ట్రా దగ్గర డబ్బు పోతుంది. రెండు మంచి కాస్ట్యూములతో రెండేళ్లు గడిచిపోతాయి. ప్రతి ప్రదర్శనకూ కొత్తది కుట్టించొద్దు.

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు చాలామందికి తెలియక వదులుకుంటున్నారు. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) స్కాలర్‌షిప్ ఉంది. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ కింద నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు ఇస్తారు. 25 నుంచి 40 మధ్యవాళ్లకు జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, నలభై దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్ నెలకు 20,000. ఫెలోషిప్‌కు ఏం చేయబోతున్నారో స్పష్టంగా రాసిన ప్రతిపాదన కావాలి. "కూచిపూడి అభివృద్ధికి కృషి" అని రాస్తే రాదు, ఏ కలాపం, ఏ ఊరు, ఏ వ్యక్తుల దగ్గర, చివరికి ఏం తయారవుతుంది అని రాయాలి.

## చదువు అయ్యాక

ఉద్యోగాలు ఉన్నాయా? నిజం చెప్పండి.

ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో, యూనివర్సిటీల్లో పోస్టులు ఉన్నాయి గానీ తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. విజయవాడ, గుంటూరు కార్పొరేట్, ఇంటర్నేషనల్ స్కూళ్లలో నాట్య ఉపాధ్యాయులను తీసుకుంటారు, జీతాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వార్షికోత్సవం సీజన్‌లో సినిమా పాటకు డ్యాన్స్ నేర్పమంటారేమో ముందే అడిగి చేరండి. ఎక్కువమందికి ఆదాయం సొంత క్లాసు నుంచి, విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాల నుంచి వస్తోంది. మొదటి రెండు మూడేళ్లు ఇంటి ఆసరా ఉండాలి. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలకు అన్యాయం చేసినట్టు.

నెట్ రాయాలంటే ఏ సబ్జెక్టు? కష్టమా?

యూజీసీ నెట్‌లో ప్రదర్శన కళలు: నృత్యం, నాటకం, రంగస్థలం అని ఒక సబ్జెక్టు ఉంది. మొదటి పేపర్ అందరికీ ఒకటే, 50 ప్రశ్నలు. రెండోది మన సబ్జెక్టు, 100 ప్రశ్నలు. మూడు గంటల్లో రెండూ రాయాలి, తప్పు జవాబుకు మార్కులు కోయరు. మనవాళ్లు దెబ్బతినేది రెండు చోట్ల. కథక్, ఒడిస్సీ, మణిపురి, సత్రియ గురించి అడిగితే తెలియదు, నాటకరంగం గురించి అసలు చదవరు. కూచిపూడి ఎంత వచ్చినా ఆ రెండూ చదవక తప్పదు. పీజీ మొదటి ఏడాది నుంచే వారానికొక నృత్యరీతి చొప్పున చదువుకుంటూ వస్తే చివర్లో హడావిడి ఉండదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కూడా వస్తే పరిశోధనలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది.

దూరదర్శన్ గ్రేడ్ తీసుకోవాలా?

తీసుకోండి. ఆడిషన్‌లో వచ్చిన గ్రేడ్ ప్రభుత్వ ఉత్సవాల్లో అవకాశాలకూ, పారితోషికానికీ పనికొస్తుంది. యూనివర్సిటీ నియామకాల్లో కూడా ఉన్నత శ్రేణి కళాకారులకు యూజీసీ నిబంధనల్లో ప్రత్యేక దారి ఉంది.

చదువు అయ్యాక విజయవాడలోనే సొంత క్లాసు పెట్టుకోవాలనుకుంటున్నాను. మొదట ఏం చూసుకోవాలి?

నేల, చుట్టుపక్కల ఇళ్లు, సమయం. కింద ఫ్లోర్‌లో ఎవరైనా ఉంటే తట్టు శబ్దానికి రెండో వారమే గొడవ వస్తుంది, గ్రౌండ్ ఫ్లోర్ చూసుకోండి. మీ గురువుగారు అదే పేటలో నేర్పుతుంటే వేరే పేటకు వెళ్లండి, ఆయన దగ్గరి పిల్లలను చేర్చుకోకండి. పదిమంది పిల్లలతో మొదలుపెట్టి ఏడాదిదాకా అడుగులు, తాళం మీదే ఉంచండి. మూడో నెలలోనే స్టేజీ ఎక్కించమని తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తారు. వాళ్లను క్లాసుకు పిలిచి, పిల్లల చేత తాళం వేయించి జతి చెప్పించి చూపించండి, చాలామంది ఒప్పుకుంటారు. సర్టిఫికెట్ పరీక్షలకు పంపాలనుకుంటే సిలబస్ మొదటి రోజే గోడకు అంటించండి. వారంలో ఒక పూట మాత్రం ఎవరికీ ఇవ్వకుండా మీ సొంత సాధనకు ఉంచుకోండి.